పాలు పొంగాయి సరే, ఇంట్లో గాలి ఆడిందా?

కొత్త ఇంట్లోకి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే వాసనను మనం ఇష్టంగానే పీలుస్తాం. ప్లైవుడ్, జిగురు, పాలిష్, పెయింట్ కలిసిన వాసన అది. మనకు మాత్రం అది కొత్తదనం. గృహప్రవేశాల సీజన్ అయిపోయాక మా ఓపీకి ఒక రకం ఫిర్యాదులు వస్తుంటాయి. కళ్లు మండుతున్నాయి, పొద్దున లేస్తే తుమ్ములు ఆగట్లేదు, పిల్లాడికి తగ్గిపోయిందనుకున్న ఆయాసం మళ్లీ మొదలైంది. 'వాతావరణం మారింది కదా సార్' అంటారు. ఇల్లు ఏమైనా మారారా అని అడిగితే, 'అవును, పోయిన నెలే' అంటారు. ప్రతి తుమ్ముకూ ప్లైవుడ్డే కారణమని నేననను. సిమెంటు దుమ్ము ఉంటుంది, దోమల చక్రాల పొగ ఉంటుంది. కానీ ఆ ప్రశ్న అడగక తప్పదు.

ఇప్పుడు మొయినాబాద్, చేవెళ్ల వైపు కడుతున్న విల్లాల్లో 'ఎకో ఫ్రెండ్లీ ఇంటీరియర్' అనే మాట బాగా వినిపిస్తోంది. గోడకు వెదురులా కనిపించే ప్యానెల్, కిటికీ పక్కన నాలుగు కుండీలు, మట్టి రంగు పెయింట్. ఫొటోలో చూడముచ్చటగా ఉంటుంది. ఆ ప్యానెల్ వెనక ఉన్నది మాత్రం చాలాచోట్ల ఎండీఎఫ్ చెక్కే, అంటే కలప పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక. చేవెళ్ల రోడ్డు మీది మర్రిచెట్లను కొట్టొద్దని గట్టిగా మాట్లాడే మనం, మన పడకగదిలోకి ఏం తెస్తున్నామో అడగం.

ఆ జిగురు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, మామూలు ఎం.ఆర్. గ్రేడ్ ప్లైవుడ్‌లలో ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. అందులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి మెల్లగా బయటకు వస్తూనే ఉంటుంది. ఎండ పెరిగినా, గాలిలో తేమ పెరిగినా ఇంకా ఎక్కువగా వస్తుంది. మన ఏప్రిల్, మే నెలల్లో తలుపులు మూసి ఏసీ వేసుకున్న గదిని ఒకసారి ఊహించుకోండి. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. భయపడకండి, ఆ ఆధారాలు ప్రధానంగా కర్మాగారాల్లో ఏళ్ల పాటు పీల్చిన కార్మికుల నుంచి వచ్చాయి. ఇంట్లో మనకు ఎదురయ్యేది కళ్లు, ముక్కు, గొంతు మంట, ఆస్తమా ఉన్నవారిలో అది ముదరడం. ఇంటి గాలిలో ఇది ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. వాసన తగ్గింది కాబట్టి వాయువు పోయిందనుకోకండి, మన ముక్కు వాసనకు అలవాటు పడిపోతుంది.

కుండీల మొక్కలు ఈ గాలిని శుభ్రం చేస్తాయని చాలామంది నమ్మకం. 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చిన మాట అది. ఆ ప్రయోగం చేసింది గాలి చొరని చిన్న పెట్టెల్లో. 2019లో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కవేస్తే, కిటికీ తెరిచినంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా కావాలని తేలింది. మొక్కలు పెంచుకోండి, మనసుకు మంచిది. కిటికీ కూడా తెరవండి.

చేవెళ్ల మండలంలో ముడిమ్యాల లాంటి ఊళ్లలో పాత ఇళ్లు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. మందమైన మట్టి గోడలు, డంగు సున్నం, గూన పెంకులు, కింద బండలు, గోడలో గూళ్లు. ఆ ఇళ్లు ఆరోగ్యానికి ఆదర్శమని మాత్రం నేను చెప్పను. కిటికీలేని గదుల్లో కట్టెల పొయ్యి పొగకు ఎందరు ఆడవాళ్ల ఊపిరితిత్తులు పాడయ్యాయో, ఒకరి క్షయ ఇంటిల్లిపాదికీ ఎలా పాకిందో మాకు తెలుసు. అయితే ఆ ఇళ్లలో రెండు సంగతులు మనం తీసుకోవచ్చు. ఒకటి బండ. మనకు దగ్గర్లోనే తాండూరు ఉంది. తాండూరు బండకు జిగురు అక్కర్లేదు, వాసన రాదు, తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము పోతుంది. ఆస్తమా ఉన్న పిల్లలున్న ఇంటికి తివాచీ కన్నా ఇదే మేలు. రెండోది గూడు. గోడలో గూళ్లు వదిలి, కడప బండలతో అరలు వేయించుకుంటే ప్లైవుడ్ అల్మారాలు సగానికి సగం తగ్గుతాయి. ఇంట్లోకి తేని చెక్క కన్నా పర్యావరణానికి మేలు చేసే చెక్క లేదు. ఈఎంఐ కట్టేవాళ్లకు ఈ మాట ఇంకా బాగా నచ్చాలి.

తప్పదనుకున్న చోట మాత్రం ప్లైవుడ్ కొనేటప్పుడు పలక మీద ఈ-1 లేదా ఈ-0 అని ఉందో లేదో చూడండి. బీడబ్ల్యూపీ రకంలో వాడే ఫినాల్ జిగురు నుంచి ఈ వాయువు చాలా తక్కువగా వస్తుంది. ధర ఎక్కువే, కనీసం పడకగదికైనా పెట్టండి. అల్మారా వెనక వైపు, అంచులు కప్పకుండా వదిలేయడం మన వడ్రంగులకు అలవాటు. కనిపించదు కదా అంటారు. వాయువు ఎక్కువగా వచ్చేది ఆ కప్పని చోట్ల నుంచే. కూల్చిన ఇళ్ల టేకు తలుపులు తెచ్చి వాడుకోవడం మంచి పనే. కానీ పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. ఆ తలుపును ఇంట్లో పొడిగా గీకించకండి. తడిపి, బయట, పిల్లలు లేనప్పుడు గీకించండి. పిల్లల రక్తంలో సీసం ఇంత ఉంటే ఫర్వాలేదనే మోతాదు ఏదీ లేదు.

మరో మాట కూడా చెప్పాలి. మీ ఇంటి గాలిని అందరికంటే ఎక్కువగా పీల్చేది మీరు కాదు. రెండు మూడు నెలలు మూసిన గదుల్లో చెక్క కోసేవారు, బండ కోసేవారు. వంటగదికి క్వార్ట్జ్ స్లాబ్ ఇప్పుడు ఫ్యాషన్. అందులో 90 శాతానికి పైగా సిలికా ఉండొచ్చు. దాన్ని పొడిగా కోస్తే వచ్చే దుమ్ముతో సిలికోసిస్ వస్తుంది. దానికి మందు లేదు. అది ఉన్నవారికి క్షయ ముప్పు కూడా ఎక్కువే, ఎక్స్‌రేలో రెండూ ఒకదానిలా ఒకటి కనిపించి చికిత్స దారి తప్పుతుంటుంది. ఈ స్లాబుల వాడకాన్నే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది. గ్రానైట్‌లోనూ సిలికా ఉంది, అయితే తక్కువ. ఏ రాయైనా హాల్లో పొడిగా కోయనివ్వకండి, నీళ్లు పోస్తూ కోయమనండి. వీలైతే కొలతలిచ్చి రాతి యార్డులోనే కోయించుకు రండి. మాస్కులు కొనివ్వడానికి అయ్యే ఖర్చు, మీ ఫాల్స్ సీలింగ్ లైట్లలో ఒకదాని ధర కూడా ఉండదు.

ఇక ముహూర్తం. మనం ముందు తేదీ పెట్టుకుంటాం, తర్వాత పనివాళ్లను పరుగెత్తిస్తాం. ముందురోజు రాత్రి దాకా పాలిష్ కొడుతూనే ఉంటారు. తెల్లవారుజామున హోమం, ఆ రాత్రి అదే గదిలో ఆర్నెల్ల పసివాడు, ఎనభై ఏళ్ల నానమ్మ. ముహూర్తానికి పాలు పొంగించండి, వ్రతం చేసుకోండి, కాపురం మాత్రం మూడు నాలుగు వారాల తర్వాత పెట్టండి. ఆ రోజుల్లో అల్మారా తలుపులు, సొరుగులు, కిటికీలు తెరిచి ఉంచండి. వీలుకాకపోతే గర్భిణులు, పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవారు పడుకునే గదిలోనైనా చెక్కపని చేయించకండి.

ఇప్పటికే కొత్త ఇంట్లో ఉండి దగ్గు, ఆయాసం, కళ్లమంట వదలనివారు ఒక పరీక్ష చేసుకోవచ్చు. నాలుగు రోజులు ఊరెళ్లినప్పుడు తగ్గి, తిరిగొచ్చాక మళ్లీ మొదలవుతోందా అన్నది ఒక కాగితం మీద తేదీలతో రాసుకోండి. ఇన్‌హేలర్ వాడేవారు ఆపకండి. ఆ కాగితం తీసుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇల్లు ఎప్పుడు మారారో, ఏ చెక్క పని చేయించారో ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.