బడి కమిటీ: సంతకానికి పరిమితమా, నిర్ణయంలో భాగమా?

పల్లెలోని ప్రభుత్వ బడి ఎవరిది అని అడిగితే "సర్కారుది" అన్న జవాబే నేటికీ ఎక్కువగా వినవస్తుంది. గోడలు కట్టించినదీ, జీతాలు చెల్లిస్తున్నదీ ప్రభుత్వమే కనుక ఆ జవాబు సహజమే. కాని చట్టం దానికి మరొక మాట చేర్చింది. 2009లో పార్లమెంటు ఆమోదించగా 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బడి పనితీరును పర్యవేక్షించుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట, వచ్చిన నిధుల ఖర్చును పరిశీలించుట అనే మూడు బాధ్యతలను పాఠశాల యాజమాన్య కమిటీకి అప్పగించింది. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన స్థానం దక్కాలి.

ఈ కమిటీని కర్ణాటకలో ఎస్‌డీఎంసీ అంటారు. అక్కడ ఇది 2001 నాటి ప్రభుత్వ ఉత్తర్వుతోనే మొదలైంది. తమిళనాడులో 'పళ్ళి మేలాణ్మై కుళు' అనీ, మహారాష్ట్రలో 'శాళా వ్యవస్థాపన్ సమితి' అనీ వ్యవహరిస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యాహక్కు చట్టం కంటే ముందే, 1998లో, బడి కమిటీల కొరకు ప్రత్యేక చట్టం వచ్చింది. పేరు ఏదైనా మూలసూత్రం ఒక్కటే: బడికి సంబంధించిన నిర్ణయం ఒక్కరి బల్లమీద జరుగరాదు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పంచాయతీ ప్రతినిధులు కలిసి కూర్చుని చేయాలి.

సూత్రం ఇంత స్పష్టంగా ఉండగా ఆచరణలో జరుగుతున్నదేమిటి? కేంద్ర ప్రభుత్వం 2010లో చేసిన నియమాల ప్రకారం కమిటీ కనీసం నెలకొకసారి సమావేశం కావాలి. అధ్యక్షులుగా తల్లిదండ్రులలో ఒకరు ఉండాలి. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనరుగా ఉంటాడు. తీర్మానాలను సక్రమంగా నమోదు చేసి ప్రజలకు అందుబాటులో ఉంచాలి. రాష్ట్రాలు తమ తమ నియమాలను చేసుకున్నందున సంఖ్యలలో, గడువులలో కొన్ని తేడాలు ఉన్నాయి. కాని అనేక గ్రామాలలో సమావేశం అనేది మినిట్స్ పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసుకోవడంగా మారిపోయింది. కూలికి పోయే తల్లికి పగటిపూట సమావేశమంటే ఒకనాటి కూలి పోవడమే. మహిళా సభ్యురాలి బదులు భర్త వచ్చి కూర్చోవడం కూడా మనకు కొత్త కాదు.

సరిహద్దు గ్రామాలలో దీనికి మరొక చిక్కు తోడవుతున్నది. అది భాష. ఇంట తెలుగు మాట్లాడే తల్లి ముందుకు వచ్చే పుస్తకం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. ఆమె ఆ భాషను సంతలో చక్కగా మాట్లాడగలదు. కాని తీర్మానపు భాషను చదవలేదు. చదువని తీర్మానానికి వేసిన సంతకం ఆమె నిర్ణయం ఎలా అవుతుంది? రాష్ట్ర భాషలో రికార్డు ఉండటం తప్పు కాదు. పై అధికారులు చదువవలసినది అదే. అయితే సంతకానికి ముందు ఆ తీర్మానాన్ని తెలుగులో చదివి వినిపించడానికీ, తెలుగులో ఒక ప్రతి వ్రాసి గోడకు అంటించడానికీ ఏ ప్రభుత్వ అనుమతీ అక్కరలేదు. రెండు భాషలు తెలిసిన ఉపాధ్యాయులు, చదువుకున్న యువకులు మన ఊళ్ళలో కొదవ లేరు.

ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. తెలుగు తరగతి ఉంటుందా, మూతపడుతుందా అన్నది కొంతవరకు ఈ పుస్తకం మీదనే ఆధారపడి ఉన్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం, ప్రతి స్థానిక సంస్థ ప్రయత్నించాలని చెబుతున్నది. అంతకుముందే, 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం ఒక కొలత నిర్ణయించింది: బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష మాట్లాడే పిల్లలు ఉంటే, ఆ భాషలో బోధించడానికి ఉపాధ్యాయుని నియమించాలి. భాషా మైనారిటీల చర్చలలో ఈ 40, 10 అనే అంకెలు తరచుగా వినిపిస్తూ వచ్చాయి.

ఇప్పుడు ఈ అంకెలను కమిటీ పనితో కలిపి చూడాలి. 2010 నియమాల ప్రకారం కమిటీ తయారుచేసే మూడేళ్ళ అభివృద్ధి ప్రణాళికలో, తరగతివారీగా ఎందరు పిల్లలు చేరగలరో, అదనంగా ఎందరు ఉపాధ్యాయులు కావాలో, ఏ వసతులు కావాలో, ఎంత డబ్బు కావాలో వ్రాయాలి. కమిటీ ఏర్పడిన ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు, అనగా డిసెంబరు నెలాఖరులోగా, అది సిద్ధం కావాలి. తెలుగు పిల్లల సంఖ్య ఆ కాగితంలో లేకుంటే తెలుగు ఉపాధ్యాయుని అవసరం కూడా కాగితంలో ఉండదు. ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసి, ఖాళీ భర్తీ కాక, పిల్లలు చెదిరిపోయిన తరువాత అర్జీ పట్టుకొని జిల్లా కార్యాలయానికి పోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అయితే కమిటీ శక్తికి హద్దులున్నాయి. వాటిని దాచడం మంచిది కాదు. తమిళనాడు 2006లో తమిళ అభ్యసన చట్టం చేసింది. కర్ణాటక 2015లో కన్నడ అభ్యసన చట్టం చేసింది. ఇటువంటి విధానాలను గ్రామ కమిటీ తీర్మానం మార్చజాలదు. అవి శాసనసభల్లో, న్యాయస్థానాల్లో తేలవలసినవి. పిల్లవాని మాతృభాష ఏదో, ఏ మాధ్యమంలో చదువవలెనో రాజ్యం బలవంతం చేయరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014 మే 6న కర్ణాటక కేసులో తీర్పు చెప్పింది. అలాగే భాషా మైనారిటీ సంస్థలు నడుపుతున్న ఎయిడెడ్ బడులలో 2012 సవరణ ఈ కమిటీ పాత్రను సలహాకే పరిమితం చేసింది. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులకు ఈ సెక్షనే వర్తించదు.

"చదువు రాని తల్లిదండ్రులు బడిని ఎలా నడుపుతారు? పదిమంది చేరితే పని సాగదు" అన్న అభ్యంతరం ఉపాధ్యాయ వర్గంలో ఉన్నది. ఆ వర్గంలో ఒకడినైనా దానిని పూర్తిగా ఒప్పుకోలేను. పాఠం ఎలా చెప్పాలన్నది ఉపాధ్యాయుని విద్య. అందులో తల్లిదండ్రులు జోక్యం చేసుకోనక్కరలేదు. కాని ఉపాధ్యాయుడు వేళకు వస్తున్నాడా, మరుగుదొడ్డిలో నీరు ఉందా, మధ్యాహ్న భోజనం రుచిగా ఉందా, గ్రాంటు దేనికి ఖర్చయింది అన్నవి తెలుసుకోవడానికి పట్టా అక్కరలేదు. ఎవరి మాట ఎక్కడ చెల్లాలో ముందే తేల్చుకుంటే కలహం తగ్గుతుంది.

ఈ విషయంలో అమెరికాలోని కాలిఫోర్నియా అనుభవం గమనింపదగినది. అక్కడి కమ్యూనిటీ కళాశాలలు ఎన్నికైన బోర్డుల చేతిలో ఉంటాయి. 1988లో చేసిన చట్టం, దాని వెంట 1990లో వచ్చిన నియమాలు, పాఠ్యప్రణాళిక, డిగ్రీ అర్హతలు, గ్రేడింగ్ వంటి విషయాలలో అధ్యాపక సభను సంప్రదించాలని బోర్డులను కట్టడి చేశాయి. విద్యార్థులకు, సిబ్బందికి కూడా తమ అభిప్రాయం చెప్పే అవకాశం కల్పించాయి. అధ్యాపక సభ మాటపైనే ప్రధానంగా ఆధారపడతామని బోర్డు ఒప్పుకున్న విషయాలలో దాని సిఫారసును కాదంటే, సభ కోరినపుడు అందుకు కారణాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వాలి. తుది అధికారం బోర్డుదే. కాని కారణం చెప్పకుండా త్రోసిపుచ్చే వీలు లేదు. మన కమిటీలకు లోపించినది సరిగ్గా ఇదే. తీర్మానం పైకి పోతుంది. జవాబు క్రిందికి రాదు.

కనుక సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులు ఈ ఏడాది నాలుగు పనులు చేయగలరు. ఒకటి, సమావేశాన్ని కూలి పనులు ముగిసే సాయంవేళకు మార్చమని అడగడం. రెండు, తీర్మానాన్ని తెలుగులో విన్న తరువాతనే సంతకం చేయడం. మూడు, తెలుగు మాట్లాడే పిల్లల సంఖ్యను తరగతివారీగా ప్రణాళికలో వ్రాయించడం. నాలుగు, పైకి పంపిన ప్రతి తీర్మానానికి రసీదు తీసుకొని, జవాబు రాకుంటే సమాచార హక్కు చట్టం క్రింద దాని గతి ఏమైనదో అడగడం. వీటిలో ఏదీ ప్రధానోపాధ్యాయునితో తగవు కాదు. నిజానికి ఒంటరిగా పై అధికారులకు వ్రాసి విసిగిన ప్రధానోపాధ్యాయునికి ఊరి సంతకాల బలం తోడైతే ఆయన కోరికకే విలువ పెరుగుతుంది.

మన భాష మీద మమకారాన్ని సభలలో చాటుకోవడం సులువు. నెలకొక సాయంత్రం బడి బల్ల మీద కూర్చుని, పుస్తకం తెరిపించి, అంకెలు సరిచూడడం కొంచెం కష్టం. మన పిల్లల తరగతి నిలిచేది ఆ రెండవ పనితోనే.