హీట్ పంప్ ఉంది... వెచ్చదనం ఏదీ?

న్యూజిలాండ్‌లో అద్దె ఇళ్లకు ‘హెల్దీ హోమ్స్’ ప్రమాణాల గడువు 2025 జులై 1తో ముగిసింది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ప్రతి అద్దె ఇంటి హాలునూ కనీసం 18 డిగ్రీల వరకు వేడి చేయగల, గోడకో నేలకో బిగించిన హీటర్ ఉండి తీరాలి. చాలామంది యజమానులు ఇందుకు హీట్ పంపులే పెట్టించారు. 2018 జనాభా లెక్కల నాటికే దేశంలో దాదాపు సగం ఇళ్లలో అవి ఉన్నాయి. అయినా జూన్, జులై నెలలొస్తే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: ‘హీట్ పంప్ నడుస్తూనే ఉంది, ఇల్లు మాత్రం వేడెక్కడం లేదు.’

దీన్ని చిన్న ఇబ్బందిగా కొట్టిపారేయలేం. 18 డిగ్రీలు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన కనీస ఉష్ణోగ్రత. ఉబ్బసం ఉన్న పిల్లలకు, విజయవాడ ఎండలు తప్పించుకుందామని మే నెలలో వచ్చి ఇక్కడి చలికాలంలో చిక్కుకునే అమ్మానాన్నలకు ఆ అంకె చాలా ముఖ్యం. పైగా 2025 ఏప్రిల్ 1 నుంచి పెరిగిన లైన్ చార్జీల వల్ల సగటు ఇంటి కరెంటు బిల్లు నెలకు 10 నుంచి 25 డాలర్లు పెరుగుతుందని కామర్స్ కమిషన్ ముందే చెప్పింది. సరిగా పనిచేయని హీట్ పంప్ ఆరోగ్యానికీ, జేబుకూ చిల్లే.

నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నా వృత్తిలో ఏదైనా ఆగిపోతే ముందు అడిగే ప్రశ్న ఒకటే: తప్పు వాడకంలో ఉందా, యంత్రంలో ఉందా, అమర్చడంలో ఉందా? హీట్ పంప్‌కూ ఇదే వర్తిస్తుంది. ఈ మూడూ విడదీస్తే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా తేలిపోతుంది.

వాడకంలో తేడాలు

మన ఊళ్లో ఏసీ గదిలోని వేడిని బయటకు తోస్తుంది. హీట్ పంప్ అదే పనిని తిరగేసి, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తెస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. రిమోట్‌లో 30 పెట్టినంత మాత్రాన గది త్వరగా వేడెక్కదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. 18 నుంచి 21 మధ్య ఉంచితే చాలు. ‘ఆటో’ మోడ్‌లో యంత్రం ఒక్కోసారి చల్లదనానికీ మారిపోతుంది కాబట్టి, సూర్యుడి బొమ్మ ఉన్న హీట్ మోడ్‌నే ఎంచుకోవాలి.

రెండోది ఫిల్టర్. హాలూ వంటగదీ కలిసి ఉండే ఇళ్లలో మన పోపులు, వేపుళ్ల నూనె పొగ నేరుగా దానికే పడుతుంది. దుమ్ముతో కలిసి జిడ్డు పేరుకుంటే గాలి ఆడదు. నెలకోసారి తీసి చూడండి, గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే పెట్టండి. పొయ్యి వెలిగించగానే చిమ్నీ ఫ్యాన్ కూడా వేయండి.

మూడోది తలుపులు. హాలుకు సరిపడా కొన్న యంత్రంతో నాలుగు పడక గదులూ వేడెక్కాలంటే కుదరదు.

లోపం కానిదీ, లోపమైనదీ

చలి ఎక్కువగా ఉన్న ఉదయం బయటి యూనిట్ నుంచి ఆవిరి రావడం, లోపలి ఫ్యాన్ కొన్ని నిమిషాలు ఆగడం చూసి చాలామంది కంగారుపడతారు. అది డీఫ్రాస్ట్. బయట పట్టిన మంచును యంత్రం తనంతట తానే కరిగించుకుంటోంది. హామిల్టన్, క్రైస్ట్‌చర్చ్, క్వీన్స్‌టౌన్‌లలో ఇది మామూలే. ఆ సమయంలో బయటి యూనిట్ కింద నీళ్లు కారడమూ మామూలే.

గంటలు గడిచినా మంచు గడ్డ కరగకపోయినా, లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారినా, లైటు ఆగి ఆగి వెలుగుతున్నా అది సర్వీసు వాళ్ల పని. ఎర్రర్ కోడ్ కనిపిస్తే ఫొటో తీసి పంపండి. బ్రేకర్ మళ్లీ మళ్లీ పడిపోతుంటే దాన్ని పైకెత్తుతూ ఉండకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ‘గ్యాస్ అయిపోయింది, నింపుతాం’ అని ఎవరైనా అంటే లీకు ఎక్కడుందో అడగండి. కారులో పెట్రోలులా గ్యాస్ వాడకంతో ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. లీకు మూయకుండా నింపితే డబ్బు మళ్లీ గాలిలో కలిసినట్టే.

ఖర్చు ఎవరిది?

అద్దెకుండేవాళ్లు మామూలుగా ఫిల్టర్ శుభ్రం చేసుకోవాలి. మరమ్మతు, సర్వీసు బాధ్యత 1986 నాటి రెసిడెన్షియల్ టెనెన్సీస్ చట్టం ప్రకారం యజమానిదే. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ రాయండి, గది ఉష్ణోగ్రత కనిపించే ఫొటో జత చేయండి. స్పందన లేకపోతే 14 రోజుల నోటీసు, ఆపైన టెనెన్సీ ట్రైబ్యునల్. హెల్దీ హోమ్స్ ప్రమాణాలు పాటించని యజమానికి 7,200 డాలర్ల వరకు పరిహారం చెల్లించమని అది ఆదేశించగలదు. సొంత ఇల్లున్నవాళ్లకు కంపెనీ వారంటీ ముగిశాక కూడా 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం అండగా ఉంటుంది. వస్తువు సహేతుకమైన కాలం మన్నాలన్నది దాని సూత్రం.

అసలు చిక్కు భయంతోనే. 2025 జనవరి 30 నుంచి, గడువు లేని అద్దె ఒప్పందాల్లో కారణం చెప్పకుండానే 90 రోజుల నోటీసు ఇచ్చే వీలు యజమానులకు మళ్లీ వచ్చింది. వీసా, పిల్లల బడి, ఆఫీసు దూరం అన్నీ చూసుకునే కుటుంబం ‘ఇప్పుడు గొడవెందుకు’ అని దుప్పట్లు కప్పుకుని సర్దుకుపోతోంది. కానీ ఫిర్యాదు చేశారన్న కక్షతో ఇచ్చే నోటీసు చట్టవిరుద్ధమని, దాన్ని ట్రైబ్యునల్‌లో సవాలు చేయవచ్చని తెలిసినవాళ్లు మనలో తక్కువ. ఈమెయిల్‌లో తేదీతో సహా రాసిన ఫిర్యాదు అక్కడే అక్కరకొస్తుంది.

ప్రభుత్వ నిబంధన యంత్రాన్ని గోడకెక్కించగలిగింది. ఇక అది పనిచేసే స్థితిలో ఉందో లేదో కూడా లెక్కలోకి రావాలి. అద్దె ఒప్పందంతో ఇచ్చే హెల్దీ హోమ్స్ పత్రంలో హీట్ పంప్‌కు చివరిసారి సర్వీసు చేయించిన తేదీ తప్పనిసరి చేస్తే సగం వివాదాలు పుట్టకముందే ఆగుతాయని నా అభిప్రాయం. అంతవరకు ఒక పద్ధతి పెట్టుకుందాం. మన ఉగాది ఇక్కడ చలికి ముందే వస్తుంది. పచ్చడి కలిపే వారంలోనే ఫిల్టర్ కడిగి, అరగంట హీట్ మోడ్‌లో నడిపి చూడండి. లోపముంటే సర్వీసు వాళ్లకు తీరిక ఉండగానే, మే నెల విమానం దిగే పెద్దవాళ్లు రాకముందే బయటపడుతుంది.