కూడివచ్చు వేళ

ఒక్కడు పాడుకొను పాటకు వేళతో పనిలేదు. గుంటక తోలు రైతు ఎద్దుల వెనుక నడచుచు పాడుకొనవచ్చును. ఇల్లాలు బియ్యమేరుచు పాడుకొనవచ్చును. కాని పదిమంది కలిసి పాడవలసిన పాటకు, పదిమంది కలిసి వేయవలసిన అడుగునకు పదిమందికిని ఒక్కసారి తీరికయగు గడియ కావలెను. ఆ గడియను సంపాదించుట కొన్నియెడల పాటను నేర్చుటకంటె కష్టము.

బనగానపల్లె పేరు వినగానే లోకమునకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. 2017లో ఆ పండునకు భౌగోళిక గుర్తింపును లభించినది. 1948 వఱకు నవాబుల సంస్థానముగా నుండి, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరియున్న ఈ ప్రాంతమునకు మఱియొక సంపదయు కలదు. అది భజన. పోతులూరి వీరబ్రహ్మముగారు సమీపముననున్న రవ్వలకొండలో కాలజ్ఞానమును వ్రాసిరని ప్రజల విశ్వాసము. ఆయన తత్త్వములను పాడు భజన మేళములు, చెక్కభజన బృందములు, కోలాటపు జట్లు ఈ సీమ పల్లెలలో నేటికిని కలవు. శివరాత్రికి, శ్రీరామనవమికి, ఊరి తిరునాళ్ళకు శోభను కూర్చునది వీరి ఆటపాటలే.

అయితే వీరిలో ఆటపాటలే జీవనాధారముగా గలవారు అరుదు. ఒకడు నాపరాతి గనిలో బండలు తీయువాడు, ఒకడు పాలిషు యంత్రమువద్ద నిలుచువాడు, ఒకడు నల్లరేగడిలో శనగ విత్తు రైతు, ఒకడు దర్జీ, ఒకడు బడిపంతులు. శనగ విత్తు దినములలో నేల పదును ఆరకముందే పని ముగియవలెను. ఆ పదును ఏ భజనకొఱకును ఆగదు. వేసవి వచ్చినచో మామిడికాయ కోతలు. రాత్రి పనివంతు పడిన యంత్రశాల శ్రామికునకు ఊరందఱు విశ్రమించు వేళయే పనివేళ. ఇట్టి భిన్నవృత్తులవారిని ఒకే చోట, ఒకే వేళ చేర్చుట ఎట్లు?

ఈ చిక్కు అందఱికిని ఒకే తీరున రాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు ఆరంభించిన నాటక సమాజము కుటుంబ సమాజము. తాతయు మనుమడును ఒకే రంగస్థలముపై నటింతురు. ఒకే విడిదిలో భుజింతురు. వారి బ్రతుకే నాటకమగుటచే అభ్యాసమునకు వేరుగా వేళ వెదకుకొనవలసిన పనిలేదు. ఇంగ్లండులోని యార్క్‌షైరులో 1855లో ఏర్పడిన బ్లాక్ డైక్ మిల్లు వాద్యబృందమున వాయించినవారు ఉన్నిమిల్లు కార్మికులు. ఒకే మిల్లు గంట విని పనిలోనికి పోయి, ఒకే గంట విని వెలువడువారికి వేళ కుదురుట కొంత సులభము.

బళ్ళారి నాటక సమాజములవారి స్థితి వేఱు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు న్యాయవాది. కోలాచలము శ్రీనివాసరావు న్యాయవాది. మహానటుడైన బళ్ళారి రాఘవయు న్యాయవాదియే. పగలు న్యాయస్థానము, కక్షిదారులు, కాగితములు; నాటకమునకు మిగులునది ఆ పని ముగిసిన తరువాతి వేళ మాత్రమే. అయినను తెలుగు నాటకమునకు వారు చేసిన సేవ చిరస్మరణీయము. పని యున్నవానికి కళ సాధ్యము కాదను మాటకు వారి జీవితములే ప్రత్యుత్తరము.

బనగానపల్లె మేళముల స్థితి బళ్ళారివారి స్థితికి దగ్గఱది, అంతకంటె కఠినమైనది. ఇచట ఒక్కొక్కరిది ఒక్కొక్క వృత్తి, ఒక్కొక్కరికి ఒక్కొక్క గంట. ఒక్కరు రాకున్న నేమి యని కొందఱందురు. జడకోలాటమును చూచినవారు ఆ మాట అనజాలరు. పైనుండి వ్రేలాడు త్రాళ్ళను తలకొకటి పట్టుకొని, సగముమంది కుడివైపునకును సగముమంది ఎడమవైపునకును తిరుగుచు, ఒకరి క్రిందుగా ఒకరు దూరుచు జడను అల్లుదురు. పిదప వ్యతిరేకముగా తిరిగి ఆ జడను విప్పుదురు. ఒక్కరు లోపించినను అల్లిక చెడును. మామూలు కోలాటమున సైతము జత రాని వాని కోల గాలిని కొట్టవలసినదే.

సాధారణముగా మేళములు చెడుటకు కారణము పనుల ఒత్తిడి కాదు. వేళను నిర్ణయించు తీరు. ఊరిలో పలుకుబడి గలవాడు తనకు అనువైన వేళను చెప్పును, తక్కినవారు తలయూపుదురు. అతడే ఆలస్యముగా వచ్చును. అతడు వచ్చువఱకు తాళము మ్రోగదు. పదునాఱుగురున్న మేళమున ఒక్కని కొఱకు పదునైదుగురు అరగంట వేచియున్నచో ఏడున్నర గంటల కాలము వ్యర్థమగును. అది ఒక శ్రామికుని దినపు పనికి సమానము. తెల్లవాఱక మునుపే గనికి పోవలసినవాడు ఆ అరగంటను తన నిద్రలోనుండి చెల్లించును. కొన్నాళ్ళు చెల్లించి, ఎవరితోను జగడమాడక, ఒకనాడు మానుకొనును. అతని చెక్కలు గూటిలో దుమ్ము పట్టును. భక్తి తగ్గినదని ఊరివారు అతనిని నిందింతురు. తగ్గినది భక్తి కాదు, నిద్ర.

కావున మేళమునకు వేళను నిర్ణయించునపుడు అందఱికంటె తీరిక తక్కువగలవానిని మొదట అడుగవలెను. తీరిక గలవాడు ఏ వేళకైనను రాగలడు. లేనివాడు ఒక్క వేళకే రాగలడు. ఎవరికి ఏ వేళ ఇష్టమని అడిగినచో పదునాఱు సమాధానములు వచ్చును. ఎవరికి ఏ వేళ ఏమాత్రమును వీలుకాదని అడిగినచో మిగిలిన వేళ తనంతట తానే కానవచ్చును. నేడు స్త్రీల కోలాటపు జట్లు పెక్కు వెలసినవి. వంట, బిడ్డలు, కూలిపని ముగించుకొని రావలసిన వారికి గడియ తీరిక చిక్కుట ఎంత కష్టమో వేఱుగా చెప్పనక్కఱలేదు. వారి వేళను ఇంటిలోని పురుషులు గౌరవింపనిచో ఆ జట్టు నిలువదు.

వేళ కుదిరిన పిమ్మట మూడు కట్టుబాట్లు చాలును. చెప్పిన వేళకు, వచ్చినవారితోనే ఆరంభింపవలెను. చెప్పిన వేళకు ముగింపవలెను. రాలేనివాడు ముందుగా తెలుపవలెను. పాటను ఎవరికివారు ఇంటనే కంఠస్థము చేయవచ్చును. గురువు పాడినదానిని చేతిఫోనులో భద్రపఱచుకొని పని నడుమనైనను వినవచ్చును. జతగాండ్రిద్దఱు విడిగా అడుగులు సరిచూచుకొనవచ్చును. అట్లయిన అందఱు చేరు వేళను కలయికకే వినియోగింపవచ్చును. విత్తుల కాలమున, కోతల కాలమున అభ్యాసమును తగ్గించుకొనుటయు ధర్మమే. పొలమును ఎండబెట్టి చేయు భజనను ఏ దేవుడును కోరడు.

ఫోనులున్న ఈ దినములలో ఇన్ని కట్టుబాట్లేల యని కొందఱందురు. ఫోను వార్తను చేర్చును, మనిషిని చేర్చదు. వార్తను చూచుట వేఱు, వత్తునని మాట ఇచ్చుట వేఱు. కళను గడియారమునకు కట్టరాదని మఱికొందఱందురు. ఇది వినుటకు సొంపైన మాటయే. కాని తాళమనగా నేమి? కాలమును సమభాగములుగా కొలుచుటయే కదా! ఒక్క దెబ్బ తప్పినచో సిగ్గుపడు భజనపరుడు, ఒక్క గంట తప్పినచో సిగ్గుపడకుండుట వింత. మొదటి తప్పు పాటకు తగులును. రెండవది తోటివాని బ్రతుకునకు తగులును.

ఒకరి కాలమును మఱియొకరు గౌరవించిన చోట బీదవాని మేళమైనను నిలుచును. ఆ గౌరవము లేనిచోట ధనవంతుని మేళమైనను విచ్చిపోవును. గుడిముందు దీపము వెలిగించి, పదునాఱుగురు చెప్పిన వేళకు వచ్చి నిలిచిరేని, తాళము మ్రోగకమునుపే వారి మేళము కుదిరినదని ఎఱుగవలెను.