ఊరిబడి పద్దు ఎవరి చేతిలో?

యాదగిరిగుట్ట మండలంలో ఏ ఊరికి వెళ్ళినా బడి గోడ మీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అనో, 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అనో రాసి ఉంటుంది. ఆ రాతను నమ్మితే బడి మండలానిది, జిల్లా పరిషత్తుది. కాని అందులో పనిచేసే ఉపాధ్యాయుడి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. నియామకం డీఎస్సీ ద్వారా జరుగుతుంది, బదిలీ విద్యాశాఖ చేతిలో ఉంటుంది. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నచిన్న మరమ్మతుల ఖర్చు సమగ్ర శిక్ష నుంచి రావాలి. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. మధ్యాహ్న భోజనానిది వేరే పద్దు. గోడ మీద పేరున్న సంస్థకు చివరికి మిగిలింది ఆ పేరే. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 11వ షెడ్యూలులో 17వ అంశంగా ప్రాథమిక, మాధ్యమిక విద్య ఉంది. స్థానిక సంస్థలకు అప్పగించదగిన విషయాల్లో అదొకటని రాజ్యాంగమే చెప్పింది. మూడు దశాబ్దాలు గడిచినా అప్పగింత గోడ రాత దగ్గరే ఆగిపోయింది. 2024 జూలైలో మండల, జిల్లా పరిషత్తుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు, బడుల నిర్వహణలో ఏ తేడా కనిపించకపోవడమే దీనికి రుజువు. పాలకవర్గం ఉన్నా లేకున్నా బడికి ఒకటే.

దీన్ని పాలనా లోపంగా మాత్రమే చూసేవారితో నాకు పేచీ ఉంది. యజమాని లేని ఆస్తి మన ఊళ్ళలో ఏదీ అలా పడి ఉండదు. చెరువు శిఖం కోసం తగాదా పడతారు, గుడి మాన్యం కోసం కోర్టుకు పోతారు. బడి విషయంలో మాత్రం ఊరి పెద్దలు ఎందుకు పట్టనట్టుంటారు? అక్కడ తమ పిల్లలు లేరు కాబట్టి. భూమి ఉన్న కులాల పిల్లలు, ఆ వెనుకనే కాస్త నిలదొక్కుకున్న బీసీ కుటుంబాల పిల్లలు పొద్దున్నే పసుపుపచ్చ బస్సెక్కి భువనగిరికో ఆలేరుకో వెళ్ళిపోతున్నారు. ఊరిబడిలో మిగిలేది మాదిగ, మాల పిల్లలు, తండాల లంబాడీ పిల్లలు, చేతివృత్తుల కులాల్లోని పేదలు, పేద ముస్లింల పిల్లలు. 2024 నవంబరులో మొదలైన కులసర్వే లెక్కల ప్రకారం రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం. అంటే నూటికి 84 మంది. 2025-26 రాష్ట్ర బడ్జెట్టు 3,04,965 కోట్లయితే అందులో విద్యకు దక్కింది 23,108 కోట్లు, ఏడున్నర శాతం. జనాభా లెక్కను, బడ్జెట్టు లెక్కను పక్కపక్కన పెట్టి చర్చించడం మన శాసనసభకు ఇంకా అలవాటు కాలేదు.

పై లెక్కలు వదిలి ఒక చిన్న బడి పద్దులోకి వెళ్దాం. ఒక దళితవాడలోని ప్రాథమిక పాఠశాలలో 28 మంది పిల్లలున్నారనుకుందాం. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 30 మంది లోపు ఉన్న బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు 10,000 రూపాయలు. అందులో కనీసం పదోవంతు పారిశుద్ధ్యానికి కేటాయించాలి. మిగిలిన తొమ్మిది వేలను పన్నెండు నెలలకు పంచితే నెలకు 750. అందులోనే రిజిస్టర్లు, సుద్దముక్కలు, నల్లా మరమ్మతు, జాతీయ పండుగల ఖర్చు. పిల్లలు 31 మంది అయితే అదే గ్రాంటు 25,000 అవుతుంది. ముగ్గురు పిల్లల తేడాతో 15,000 రూపాయల తేడా! నిజానికి 28 మందికైనా 31 మందికైనా పైకప్పు ఒకటే కురుస్తుంది, బోరు మోటారు ఒకటే కాలిపోతుంది. తల లెక్కన డబ్బిచ్చే ఈ పద్ధతి చూడటానికి కులం తెలియని గణితంలా కనిపిస్తుంది. కాని తలలు తగ్గేది ఎక్కడ? ఊరు చిన్నగా, వాడ విడిగా, తండా దూరంగా ఉన్నచోట. ఊరికి దూరంగా ఎవరిని ఉంచారో మన గ్రామాల నిర్మాణం తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. అంటరానితనం గీసిన గీతనే గ్రాంటు స్లాబు మళ్ళీ గీస్తోంది.

ఆ పదివేలైనా బడి చేతిలో ఉంటుందా అంటే అదీ లేదు. 2021 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాల డబ్బంతా రాష్ట్రస్థాయిలో ఒకే ఖాతాలో ఉంచే విధానం వచ్చింది. బడి ఖాతా జీరో బ్యాలెన్సు ఖాతా అయింది. ప్రధానోపాధ్యాయుడు ఖర్చు పరిమితిని మాత్రమే చూడగలడు. ఆన్‌లైన్‌లో బిల్లు పెట్టాలి, కమిటీ సంతకం కావాలి, పరిమితి వెనక్కి పోకముందే చెల్లింపు జరగాలి. అవినీతిని అరికట్టడానికి ఇది మేలైన పద్ధతేనని అధికారులంటారు. కావచ్చు. కాని పది వేల మీద ఇంత కాపలా పెట్టిన వ్యవస్థ, బడి పేరుతో జరిగే పెద్ద కాంట్రాక్టుల మీద ఎంత కాపలా పెట్టిందో కూడా చెప్పాలి. 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు-మన బడి' ప్రారంభించినప్పుడు 26,065 బడులకు 7,289 కోట్లు ఖర్చుచేస్తామన్నారు. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది. పాత పేరుతో పని మొదలుపెట్టి బిల్లులు రాక ఆపేసిన గదులు మాత్రం ఊళ్ళలో ఉండిపోయాయి. అదే నెల 28న, మూడు వారాల తేడాతో, వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో పునర్నిర్మించిన గుట్ట ఆలయం తెరుచుకుంది. గుడి కట్టవద్దని నేననడం లేదు. గుడికి ఒక అభివృద్ధి ప్రాధికార సంస్థ, ఒక గడువు, గడువు లోపల డబ్బు దొరికాయి. కొండ చుట్టూ ఉన్న బడులకు ఈ మూడింటిలో ఏదీ దొరకలేదు.

ఇక బడిని ఎవరు ఊడుస్తారు? ఈ ప్రశ్నలో ఉన్నంత కులం మరే పద్దులోనూ లేదు. కరోనా తర్వాత కొన్నేళ్ళు బడుల్లో స్వచ్ఛ కార్మికులు లేరు. గ్రామ పంచాయతీ సిబ్బందే బడిని శుభ్రం చేయాలన్నారు. పంచాయతీ సఫాయి పనిలో ఎవరున్నారో అందరికీ తెలుసు. ఊరి మోరీ తీసిన చేతులతోనే బడి మరుగుదొడ్డీ కడగమన్నారు, అదనపు కూలి లేకుండా. ఆ సిబ్బంది రానిచోట పిల్లలే చీపురు పట్టారు. చీపురు ముందుగా ఎవరి చేతికి వెళ్ళిందో ఆయా బడుల పిల్లలను అడిగితే చెబుతారు. 2024 ఆగస్టులో ప్రభుత్వం పారిశుద్ధ్యానికి ప్రత్యేకంగా నిధులిచ్చింది. 30 మంది లోపు పిల్లలున్న బడికి నెలకు 3,000, వంద మంది వరకు 6,000. ఇది మెచ్చుకోదగిన మార్పు. అయితే మూడు వేలకు రోజూ పనికి వచ్చేది మళ్ళీ ఏ వాడ స్త్రీయో ఊహించడం కష్టం కాదు. నెలనెలా చేతికందని మూడు వేలు ఆమెకు అప్పుగా మారుతుంది.

భోజనం సంగతి ఇంకొంచెం చిక్కు. బడి వంటకు దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆ ఆదేశం ప్రకారం మన మండలాల్లో ఎన్ని బడుల్లో దళిత స్త్రీ గరిటె పట్టిందో విద్యాశాఖ చెప్పాలి. పిల్లలందరికీ ఒకే పొయ్యి మీద వండిన అన్నం పెట్టడం ఈ దేశంలో అరుదైన కుల నిర్మూలన కార్యక్రమం. దాన్ని మనం పౌష్టికాహార పథకంగానే లెక్కవేస్తున్నాం. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి బియ్యం కాక పూటకు కేంద్రం 2025 మే నుంచి నిర్ణయించిన ఖర్చు 6 రూపాయల 78 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, కట్టెలు అన్నీ అందులోనే.

దీన్ని గురుకులంతో పోల్చి చూడాలి. గురుకులాల్లో ఏడో తరగతి వరకు పిల్లలకు భోజన ఖర్చును 2024 నవంబరు నుంచి నెలకు 950 నుంచి 1,330 రూపాయలకు పెంచారు. అది మూడు పూటల తిండి కనుక రెండింటినీ సూటిగా సరిపోల్చడం న్యాయం కాదు. పెంపు కూడా చాలా ఆలస్యంగా వచ్చిందే. కాని ప్రభుత్వ దృష్టి ఎటు ఉందో అది చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో తొలి గురుకులం 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా మన సర్వేలులోనే పుట్టింది. ఇవాళ అన్ని సంక్షేమ శాఖలవీ కలిపి గురుకులాలు వెయ్యి దాటాయి. దళిత, బహుజన పిల్లలకు అవి తెరిచిన దారులను తక్కువచేసి మాట్లాడేవారు ఆ పిల్లల ఇళ్ళకు ఒకసారి వెళ్ళి రావాలి. అయినా ఒక మాట అనకతప్పదు. గురుకులం పరీక్ష పెట్టి కొందరిని తీసుకుంటుంది. మిగిలినవారు ఊరిబడిలో ఉంటారు, వారి సంఖ్య తగ్గుతుంది, సంఖ్యతోపాటు గ్రాంటు తగ్గుతుంది, ఉపాధ్యాయుడు తగ్గుతాడు. ఒకే వాడలో అక్క గురుకులంలో, తమ్ముడు ఒంటి ఉపాధ్యాయుడి బడిలో. అక్క సీటు తమ్ముడి బడిని బలహీనపరిచే ఏర్పాటును ఆ కుటుంబం కోరుకోలేదు.

బలహీనపడిన బడికి ప్రభుత్వం సూచించే మందు విలీనం. అరవై మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. పదిమంది పిల్లలకు ఇద్దరు ఎందుకన్నది అధికారుల ప్రశ్న. ఎస్సీ కాలనీ బడిని ఊరిబడిలో కలిపితే కులాల మధ్య గోడ కూలుతుంది కదా అని కొందరు మిత్రులూ అంటారు. కలవడం మంచిదే. కాని ఎప్పుడూ వాడ పిల్లలే ఊళ్ళోకి నడవాలా? వాడ బడిలోకి ఊరి పిల్లలను పంపే విలీనం ఒక్కటైనా జరిగిందా? దళితులకు ప్రత్యేక పాఠశాలలు ఊరికే పుట్టలేదు. 1910 నుంచి భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో ఆది హిందువుల కోసం బడులు పెట్టాల్సివచ్చింది, మిగతా బడుల తలుపులు మూసి ఉన్నందుకే. ఆ చరిత్ర ఉన్న బడిని మూసేముందు తల్లిదండ్రుల సభ పెట్టి, వారి తీర్మానం రాతపూర్వకంగా తీసుకోవడం కనీస మర్యాద.

స్థానికులకే పూర్తి అధికారం ఇస్తే సరిపోతుందా? అమెరికాలో బడుల పాలన స్కూల్ డిస్ట్రిక్టులది. ఎన్నికైన బోర్డు ఉంటుంది, ఆ ప్రాంతపు ఆస్తిపన్నులో పెద్దభాగం బడికి వెళుతుంది. ఫలితంగా ధనిక పేటలో ధనిక బడి, నల్లవారి, మెక్సికన్ల పేటలో పేద బడి. టెక్సాస్‌లో అలాంటి పేద పేట తల్లిదండ్రులు వేసిన రోడ్రిగెజ్ కేసును 1973లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో తోసిపుచ్చింది. గుట్ట కింద భూముల ధరలు, పక్క తండాలో భూముల ధరలు చూసినవారికి ఆ పద్ధతి ఇక్కడ ఏం చేస్తుందో అర్థమవుతుంది. డబ్బు రాష్ట్రం నుంచే రావాలి. లెక్క మాత్రం ఊళ్ళో ఉండాలి.

ఊళ్ళో లెక్క అడిగే హక్కు ఎవరికుంది? విద్యాహక్కు చట్టం 21వ సెక్షను పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది స్త్రీలు ఉండాలంది, బలహీన వర్గాల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన వాటా ఉండాలంది. 2024లో పనులన్నీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు అప్పగించారు. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. స్త్రీలకు అధికారమివ్వడం మంచి నిర్ణయం. కాని ఆ అధ్యక్షురాలి బిడ్డ ఆ బడిలో ఉండాలన్న నియమం అందులో కనిపించదు. చట్టం తల్లికిచ్చిన కుర్చీలో సమాఖ్య కూర్చుంది.

2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఆ ఏడాది ఖర్చుకాని డబ్బును మరుసటి ఏడాదికి చేర్చాలని చెబుతుంది. ఆ నిధిలోంచి వాడ బడికి, తండా బడికి పిల్లల సంఖ్యతో సంబంధం లేని స్థిర గ్రాంటు ఇవ్వవచ్చు. సాధారణ పద్దుల ఖర్చులో దళితుల వాటాను కాగితం మీద లెక్కగట్టి చూపే అలవాటు మానితే అందుకు డబ్బు దొరుకుతుంది. ఏ బడికి ఎంత మంజూరైంది, ఎంత వచ్చింది, ఎంత వెనక్కి పోయిందన్న మూడు అంకెలను ఏడాదికి రెండుసార్లు గ్రామసభలో చదివించడానికి కొత్త చట్టం అక్కరలేదు, మండల విద్యాధికారి ఉత్తర్వు చాలు. మండల పరిషత్ ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చే అభ్యర్థులను, బీసీ వాటా గురించి మాట్లాడేవారిని, వర్గీకరణ గురించి మాట్లాడేవారిని, మన విద్యార్థి సంఘాలు ఆ మూడు అంకెలే అడగాలి.