పుస్తకం పేరు పక్కన గెజిట్ నంబరు రాయండి

1986 ఎండాకాలం. కరీంనగర్ జిల్లాలో ఒక మండల రెవెన్యూ ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుని. రాత్రి పది దాటాక ఇంటి ముందు జీపు ఆగింది. "పంచనామా ఉంది, ఎస్సై సారు రమ్మంటుండు" అన్నాడు కానిస్టేబుల్. సర్కారు నౌకరికి ఆ పిలుపు కొత్త కాదు. దొంగసారా దొరికినా, బావిలో శవం తేలినా పంచ్ సంతకానికి మా ఆఫీసు నుంచే ఒకరిద్దరిని తీసుకుపోయేవాళ్లు. చొక్కా తొడుక్కుని జీపెక్కాను.

రెండు గదుల పెంకుటిల్లు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కుర్రాడు, వాళ్లమ్మ. పోలీసులు వడ్ల గుమ్మిలో చేయి పెట్టి కలియబెట్టారు, పరుపు విప్పదీశారు. ఆయుధం లేదు, ఉత్తరం లేదు, డబ్బు లేదు. గోడకు కొట్టిన చెక్క మీద మాత్రం ముప్పై దాకా పుస్తకాలున్నాయి. ఎస్సై ఒక్కొక్కటే తీసి, అట్ట చూసి పేరు చెబుతుంటే కానిస్టేబుల్ కార్బన్ పెట్టి రాశాడు. గోర్కీ 'అమ్మ'. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'. మాస్కోలో అచ్చయి వచ్చిన భౌతికశాస్త్రం పుస్తకం ఒకటి. దాని అట్ట ఎర్రగా ఉంది. "గవి వాడు సదువుకునే బుక్కులు సారూ" అని ఆ తల్లి గడప దగ్గర నిలబడి అంటూనే ఉంది. ఎవరూ బదులివ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

పేర్లన్నీ రాయడం అయ్యాక, వాటన్నిటికీ కలిపి పక్కన నిలువుగా ఒక గీత గీసి "నిషేధిత సాహిత్యం" అని రాశారు. ఆ ఇంటి తువ్వాలలోనే పుస్తకాలు మూట కట్టారు. నేను సంతకం చేసిన చీటీని ముడిలో పెట్టి, లక్క కరిగించి పోసి ముద్ర వేశారు. ఆ 'మహాప్రస్థానం' నా ఇంట్లో, నా మంచం తలాపున ఉంది. అది తెలిసే సంతకం పెట్టాను.

మూడేళ్లకు కోర్టు నుంచి సమను వచ్చింది. డిఫెన్సు వకీలు పెద్దాయన, గొంతు పెంచకుండా అడిగారు. "ఈ పుస్తకాలు మీరు చదివారా?" కొన్ని చదివానన్నాను. "వీటిని ఏ ప్రభుత్వం, ఏ తేదీన నిషేధించింది?" తెలియదన్నాను. "మరి నిషేధిత సాహిత్యమన్న కాగితం మీద ఎట్లా సంతకం పెట్టారు?" రాసి ఉంటే పెట్టానన్నాను. జడ్జిగారు తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కేసు కొట్టేశారు. కానీ ఆ కుర్రాడి డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. పుస్తకాలు ఇంటికి రాలేదని వాళ్లమ్మ అంగట్లో కనిపించి చెప్పింది.

రిటైరయ్యాక తీరిగ్గా చట్టం చదివితే తెలిసింది, ఆ రాత్రి నేను సంతకం పెట్టింది అబద్ధానికని. నక్సలైట్ల పీపుల్స్‌వార్ పార్టీనే మన రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది 1992లో. 1986లో పార్టీ మీదే నిషేధం లేకపోతే, గోర్కీ నవల మీద ఎక్కడి నుంచి వచ్చింది?

పుస్తకాన్ని నిషేధించడానికి మన చట్టంలో ఒక దారి ఉంది. పాత సీఆర్‌పీసీలో 95వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98. రాష్ట్ర ప్రభుత్వం కారణాలు చెప్పి నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ తర్వాతే ప్రతుల జప్తు. సోదాకు మేజిస్ట్రేటు వారంటు. నోటిఫికేషన్ తప్పని తోచినవాళ్లు రెండు నెలల్లోపు హైకోర్టుకు పోవచ్చు. దాన్ని ముగ్గురు జడ్జీల ప్రత్యేక ధర్మాసనం వినాలి. ఒక్క పుస్తకం మీద వేటు పడాలంటే ముగ్గురు హైకోర్టు జడ్జీల ముందు నిలబడాల్సి రావచ్చని చట్టం అంటోంది. మన ఊళ్లలో ఆ పని ఒక కానిస్టేబుల్ బాల్‌పెన్నుతో అయిపోతోంది.

తెల్లదొరలు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని నిషేధించారు. అన్యాయమే. కానీ వాళ్లు కూడా ఫలానా పుస్తకాన్ని నిషేధించామని ఉత్తర్వు వేసి చెప్పారు. దాన్ని పట్టుకుని కొట్లాడే వీలైనా ఉండేది. పంచనామాలో పక్కన గీత గీసి రాసిన మాట మీద ఎవరితో కొట్లాడాలి?

2018 ఆగస్టు 28న ఒక కేసు దర్యాప్తులో పుణె పోలీసులు హైదరాబాద్‌లో కవి వరవరరావు ఇంటినీ, ఆయన అల్లుడు, ఇఫ్లూ ప్రొఫెసర్ కె.సత్యనారాయణ క్వార్టర్‌నూ గంటల తరబడి సోదా చేశారు. ఇన్ని పుస్తకాలెందుకు, మార్క్స్‌నీ మావోనూ ఎందుకు చదువుతారు, ఇంట్లో దేవుళ్ల పటాల్లేకుండా ఫూలే, అంబేడ్కర్ల పటాలెందుకున్నాయి అని అడిగారని ఆ ప్రొఫెసర్ చెప్పారు. ఆ వార్త చదివి రెండు రోజులు నిద్రపట్టలేదు నాకు. చదువు చెప్పుకు బతికే మనిషిని పుస్తకాలెందుకని అడిగారు! నెల తర్వాత అదే కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ చంద్రచూడ్ రాసిన అసమ్మతి తీర్పులో ఇంకో సంగతి ఉంది. పంచ్ సాక్షులుగా పుణె మునిసిపల్ కార్పొరేషన్ ఉద్యోగుల్ని పోలీసులు తెచ్చుకున్నారట. వాళ్లూ నాలాంటి నౌకర్లే. ఏం చదివి సంతకం పెట్టి ఉంటారో నేను ఊహించగలను.

అట్టలు చూసి రాసిన జాబితాలు పైకోర్టుల దాకా పోతాయి. 2019లో బొంబాయి హైకోర్టులో ఆ పుణె కేసులోనే నిందితుడైన వెర్నన్ గొంజాల్వెజ్ బెయిలు విచారణలో అలాంటి జాబితాలోంచే 'వార్ అండ్ పీస్' అనే మాట బయటికొచ్చింది. టాల్‌స్టాయ్ నవలేమోనని దేశమంతా విస్తుపోయింది. తీరా అది జంగల్‌మహల్ మీద వ్యాసాల సంకలనం. ఏ పుస్తకమో కూడా తేలకుండానే దాన్ని ఎందుకు ఉంచుకున్నావన్న ప్రశ్న మాత్రం మనిషి మీద పడింది.

ఆ గొంజాల్వెజ్‌కూ సహ నిందితుడు అరుణ్ ఫెరీరాకూ సుప్రీంకోర్టు 2023 జులై 28న బెయిలిచ్చింది. హింసను ప్రేరేపించే రాతలున్న సాహిత్యమైనా సరే, దగ్గర ఉండటం ఒక్కటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద ఉగ్రవాద నేరం కాదని చెప్పింది. 2011లో డాక్టర్ బినాయక్ సేన్ కేసులోనూ ఇదే కోర్టు, గాంధీ ఆత్మకథ ఇంట్లో దొరికితే మనిషి గాంధేయవాది అయిపోతాడా అన్న అర్థంలో అడిగింది. మాట ఒకటే, పన్నెండేళ్ల తేడాతో రెండుసార్లు. రెండోసారి చెప్పేటప్పటికి గొంజాల్వెజ్, ఫెరీరా జైల్లో దాదాపు అయిదేళ్లు గడిపారు. ఈ మధ్యలోనే, 2021 నవంబరులో, హైదరాబాద్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీద పోలీసులు దాడి చేసి, చనిపోయిన మావోయిస్టు నాయకుడు ఆర్కే మీద ఆయన భార్య తెచ్చిన పుస్తకం ప్రతుల్ని పట్టుకుపోయారు. పాఠకుడి చేతికి పోకముందే, బైండింగు బల్ల దగ్గరే.

పోలీసు శాఖలో నాకు మిత్రులున్నారు. వాళ్ల వాదన నాకు తెలుసు. "పుస్తకం ఒక్కటే అయితే మేమూ పట్టించుకోం, మిగతా సాక్ష్యాలతో కలిపి చూస్తే మనిషి మనసు తెలుస్తుంది" అంటారు. తుపాకీ దొరికితే తుపాకీ రాయండి. మందుపాతర తీగ దొరికితే తీగ రాయండి. వాటికి పంచ్‌గా సంతకం పెట్టడానికి ఇప్పటికీ నాకు అభ్యంతరం లేదు. వాటి పక్కన గోర్కీని పేర్చినంత మాత్రాన తుపాకీకి బలం పెరగదు. తుపాకీ దొరకని ఇంట్లో మాత్రం గోర్కీయే తుపాకీ స్థానంలో కూర్చుంటాడు. నేను చూసింది అదే.

ఇప్పుడు సోదానంతా వీడియో తీయాలని కొత్త సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. మంచిదే. కానీ కెమెరా అట్టను చూపిస్తుంది, నిషేధం ఉందో లేదో చూపించదు. నేను అడిగేది చిన్న పని. రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలూ ఒక్క సర్క్యులర్ ఇవ్వాలి: పుస్తకాన్ని నిషేధితమని రాసి జప్తు చేస్తే పంచనామాలో దాని పేరు పక్కన నిషేధపు గెజిట్ నంబరు, తేదీ ఉండాలి; అవి లేకపోతే పుస్తకాన్ని అరలోనే వదిలేయాలి. రిమాండు రిపోర్టులో పుస్తకాల జాబితా కనబడినప్పుడు మేజిస్ట్రేట్లు మొదటి రోజే ఆ నంబరు అడగాలి. నన్ను మూడేళ్ల తర్వాత అడిగారు.

ఇక, రేపు ఎవరి ఇంటి ముందో జీపు ఆగి పంచ్‌గా రమ్మంటే వెళ్లాల్సిన వీఆర్వోలకు, టీచర్లకు, మునిసిపల్ గుమాస్తాలకు ఒక మాట. రాతపూర్వకంగా పిలిచినప్పుడు తగిన కారణం లేకుండా రానంటే నేరమవుతుంది, నిజమే. వెళ్లండి. కానీ రాసిందల్లా ఒప్పుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. పుస్తకం పేరు, రచయిత పేరు ఉంటే సంతకం పెట్టండి. పక్కన "నిషేధిత" అని ఉంటే, గెజిట్ నంబరు ఎంతో అడగండి. చెప్పలేకపోతే ఆ మాట కొట్టేయించి, అప్పుడు సంతకం పెట్టండి.