రిపోర్టులన్నీ నార్మల్... మరి ఈ కడుపునొప్పి ఎక్కడిది?

మన గ్రూపులో ఎవరూ రాయడానికి ఇష్టపడని విషయం ఇది. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాచర్ల, బొల్లాపల్లి వైపు తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి హాస్టళ్లలో చదివినవాళ్లం మనం. పొద్దున స్టడీ అవర్‌కి కడుపులో మెలిపెట్టడం, పరీక్ష రోజు నాలుగుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తడం, లేదంటే మూడు రోజులు అసలు విరేచనమే అవ్వకపోవడం... ఇలాంటివాళ్లు ప్రతి గదిలో ఒకరిద్దరు ఉండేవాళ్లు. హాస్టల్లో "వేషాలు" అనేవారు. ఇంటికెళ్తే తాయెత్తు. నరసరావుపేట తీసుకెళ్లి స్కానింగ్ చేయిస్తే అంతా నార్మల్. డబ్బులు పోయాయి, నొప్పి పోలేదు.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, ఐబీఎస్. పేగుల్లో పుండూ గడ్డా కనపడవు, కానీ నొప్పి నిజం. మెదడుకీ పేగులకీ మధ్య నరాల దారిలో ఎప్పుడూ కబుర్లు నడుస్తుంటాయి. ఏళ్ల తరబడి భయంలో బతికిన మనిషికి పేగుల్లో మామూలు కదలిక కూడా నొప్పిగా తెలియొచ్చు. మన అవ్వలకి ఇది కొత్తేం కాదు. పిల్ల జడుసుకుంటే జడుపు జ్వరం వస్తుందని వాళ్లు ఎప్పుడో చెప్పారు. భయం ఒంట్లోకి దిగుతుందని ఒప్పుకునేవాళ్లం, పేగుల్లోకి దిగుతుందంటే ఎందుకు నమ్మం?

1990లో అమెరికాలోని నార్త్ కరోలినాలో డాక్టర్ డ్రాస్‌మన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. పేగుల సమస్యలతో క్లినిక్‌కి వచ్చిన 206 మంది ఆడవాళ్లని అడిగితే 44 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు లైంగిక హింసో శారీరక హింసో అనుభవించామన్నారు. మమ్మల్ని ఆపేసిన అంకె అది కాదు. వాళ్లలో తమ డాక్టరుకి ఆ మాట చెప్పుకున్నవాళ్లు 17 శాతమే. అక్కడే అలా ఉంటే, కిక్కిరిసిన ఓపీలో, పక్కన వార్డెన్ నిలబడి ఉండగా మన చెల్లెలు చెబుతుందా? హాస్టల్‌కి వచ్చే డాక్టరు పిల్లలతో విడిగా, నర్సక్క తోడుగా మాట్లాడాలని మనం అడగాల్సింది ఇందుకే. కొత్త బిల్డింగ్ కంటే ముందు ఇది అడుగుదాం.

అలాగని ఐబీఎస్ ఉన్న ప్రతివాళ్లకీ ఏదో జరిగిందని గుచ్చి గుచ్చి అడగొద్దు. విరేచనాలు పట్టుకుని తగ్గాక కూడా ఇది మొదలవుతుంది. విరేచనంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే మాత్రం వేరే జబ్బు కావొచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇంకో మాట. డాక్టరు అమిట్రిప్టిలిన్ రాస్తే "పిచ్చిమాత్రలు" అని పారేసేవాళ్లున్నారు. డిప్రెషన్ మందే, నిజమే. కానీ చిన్న డోసులో పేగుల నొప్పి తగ్గిస్తుందని 2023లో లాన్సెట్‌లో వచ్చిన ఇంగ్లండ్ పరీక్ష చూపించింది. అయితే డాక్టరు రాస్తేనే వాడాలి, ఆర్ఎంపీ దగ్గర అడిగి కొనుక్కోవద్దు. మందుతో పాటు కౌన్సెలింగ్ కూడా పనిచేస్తుంది.

మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలైతే 1098. 18 ఏళ్లలోపు వాళ్ల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, ఊరి పెద్దల దగ్గర రాజీ కుదరదు. ఎవరైనా మీకు విడిగా మెసేజ్ పెడితే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడ పెట్టకండి.