రహదారి ప్రక్కన దుకాణము

హైదరాబాదులో కూకట్‌పల్లి మీదుగా ముంబయి వెళ్లే రహదారి మీలో అనేకులకు తెలిసినదే. అక్కడ మెట్రో పనులు సాగినన్నాళ్లు దుమ్ము, అడ్డుకంచెల మధ్య వ్యాపారులు ఎంతో నలిగిపోయారు. 2017 నవంబరులో మియాపూర్ నుండి రైలు నడిచింది. అయితే జనము దిగేది స్టేషను మెట్ల దగ్గరే. కొంచెము అవతలనున్న కొట్టు ముందు బండి నిలుపుటకే చోటుండదు! 2020లో కరోనా వచ్చి నెలల తరబడి రైళ్లే ఆగిపోయాయి, అద్దెలు ఆగుతాయా?

పొలము అమ్మి కుమారునికి రోడ్డు మీద షాపు పెట్టించాలనుకొనే తలిదండ్రులకు మేము చెప్పేది ఇదే. అడ్వాన్సు ఇవ్వకముందు ఒక రోజంతా అక్కడ నిలువండి. ఎందరు పోతున్నారో కాదు, ఎందరు ఆగుతున్నారో లెక్కించండి. అవతలి వైపువారు రోడ్డు దాటి వచ్చే దారి ఎంత దూరముందో నడిచి చూడండి.